బురద వదిలే టైరు

సుంకులమ్మ తల్లి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. బళ్లారి బజారులో మా అన్నదమ్ముల బట్టల అంగడి ముందు కూర్చునే పెద్దమనుషులు నేనేం చెప్పినా సగం తీసేసి వింటారు. చిరుతపులిని చెట్టుకు కట్టేసి టీకా వేశానని ఎప్పుడో అన్న మాట వాళ్ళింకా మరిచిపోలేదు. ఇది ఆ కోవలోది కాదు. స్వచ్ఛంద విరమణ తీసుకుని ఇంట్లో కూర్చున్నవాణ్ణి, అబద్ధమాడితే నాకు వచ్చే ఇంక్రిమెంటు ఏమీ లేదు.

కరోనా మాస్కులు జేబుల్లోకి పోయిన తర్వాతి చలికాలం. కార్తీకమాసం. మోక వైపు పశు చికిత్సాలయంలో పనిచేస్తున్న నన్ను సండూరు కొండల్లోకి డెప్యుటేషన్ మీద పంపారు. డెప్యుటేషన్ అంటే జీతం పాత చోట, చాకిరీ కొత్త చోట. నా హోదా కన్నడంలో ‘జానువారు అధికారి’, అంటే పశువుల అధికారి. పేరులో అధికారం ఉంది గాని, మా శాఖలో పైన డాక్టరు, కింద డి-గ్రూపు సిబ్బంది, నడుమ మేము. ఏ సూది వేయాలో డాక్టరు చెబుతారు, మేము వేస్తాం, పశువును డి-గ్రూపు మనిషి పట్టుకుంటాడు. పశువు తన్నేటప్పుడు మాత్రం ఎవరి హోదా చూడదు.

పంపిన కారణం గాలికుంటు. కన్నడంలో కాలుబాయి రోగం అంటారు. కాలికీ నోటికీ పొక్కులు లేస్తాయి, చొంగ కారుతుంది, పశువు మేత మానేస్తుంది, కుంటుతుంది. పెద్ద పశువు చాలావరకు బతుకుతుంది. బతికినా మునుపటి పశువు కాదు. తారానగర్ దాటి లోపలికి పోతే ఒకే కొండదారి మీద రెండు హట్టీలు ఉన్నాయి. హట్టి అంటే చిన్న పల్లె. వాటి అసలు పేర్లు రాయను, కింది హట్టి, పై హట్టి అనుకోండి. కింది హట్టిలో రోగం కనిపించింది. పై హట్టికి ఇంకా ఎక్కలేదు.

ఇలాంటప్పుడు మేము చేసేది రింగ్ వ్యాక్సినేషన్. రోగమున్న ఊరిని నడుమ ఉంచి, చుట్టూ ఉన్న ఆరోగ్యమైన ఊళ్ళకు బయటినుంచి లోపలికి టీకాలు వేసుకుంటూ రావడం. రోగమున్న కొట్టంలోకి చివర మాత్రమే పోవాలి, ముందు పోతే రోగాన్ని మనమే మోసినట్టు. టీకా మందు మంచు పెట్టెలోంచి బయటికి వచ్చి వెచ్చబడితే అది మందు కాదు, నీళ్ళు. పశువులు మేతకు కొండెక్కకముందే ఊరు చేరాలి, ఎక్కాక వాటిని పట్టడం ఎవరి తరమూ కాదు. వానలకు మోరీ కొట్టుకుపోయి జీపు కింది హట్టికి చాలా ముందే ఆగిపోతుంది. అక్కణ్ణించి నడిస్తే పొద్దెక్కుతుంది.

అందుకని సైకిళ్ళు. గని కంపెనీ ఒకటి మా చికిత్సాలయానికి ధర్మంగా ఇచ్చిన గేరు సైకిళ్ళు మూడు షెడ్డులో పడి ఉన్నాయి. కొండలెక్కే రకమే, కానీ టైర్లు ఎండు దారికి చేసినవి, సన్నటి బుడిపెలు దగ్గర దగ్గరగా ఉన్నవి. చలికాలపు బురదకు సరిపోయే టైర్లు తెచ్చే పని నాకు అప్పగించారు. అప్పగించింది మా డాక్టరమ్మ కమల. కృష్ణా జిల్లా నుంచి తాతల కాలంలో తుంగభద్ర కాలువ కిందికి వలస వచ్చిన వరి రైతుల ఇంటి పిల్ల. అలా వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు, అలాంటి క్యాంపులోనే పుట్టి పెరిగింది.

“శెట్టిగారూ, బజారు మీది కదండీ. మంచివి మీరే చూడండి. అయితే ఒక్క మాట. చక్రం బురదలో తేలాలి, దిగబడకూడదు. మా చేలో ట్రాక్టరుకు ఇనప చక్రాలు ఎందుకు కడతారో తెలుసుగా?” అన్నారు.

నేను తలూపాను గాని మనసులో ఒప్పుకోలేదు. మా వైపు ఎద్దులబండి చక్రం సన్నం. అది తేలదు, పై బురదను కోసుకుని కింద గట్టినేలను పట్టుకుంటుంది. తేలడమా, కోయడమా అన్నదే బురద టైరులో మొదటి ప్రశ్న అని తర్వాత తెలిసింది. వెడల్పు టైరు లోతైన మెత్తటి బురదకు, సన్నటి టైరు కింద గట్టితనం ఉన్న పలచటి బురదకు. రెండో ప్రశ్న బుడిపెల మధ్య సందు. సందు తక్కువైతే మట్టి కూరుకుపోయి టైరు నున్నగా బోడి అయిపోతుంది. మూడోది గాలి. నిండా కొడితే జారుతుంది, కొంచెం తగ్గిస్తే టైరు నేలను హత్తుకుంటుంది, మరీ తగ్గిస్తే రాతికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి చిల్లులు పడతాయి. పక్కన బాణం గుర్తు ఉంటే అది తిరిగే దిక్కు, తిరగేసి ఎక్కిస్తే పట్టు సగమైపోతుంది.

ఇదంతా చెప్పింది సైకిలంగడి రమేశ, మా చిన్నాన్న కొడుకు. బెంగళూరు నుంచి మూడు రకాలు తెప్పించి నా ముందు పరిచాడు. ఒకటి వెడల్పు. ఒకటి సన్నం, బుడిపెలు పొట్టిగా ఎడంగా ఉన్నది. మూడోది నడి వెడల్పు, బుడిపెలు బొటనవేలంత లావుగా లోతుగా ఉన్నది.

“ఏన్నా, ఈ వయసులో రేసుకు పోతాండావా? నీ పొట్ట ముందు పోతాది, సైకిలు ఎనక వస్తాది” అన్నాడు.

పరీక్ష మోక దగ్గర కాలువ గట్టు పక్కన నల్లరేగడిలో పెట్టాం. అక్కడ పెట్టడానికి కారణం గర్వం. బళ్లారి రేగడి గెలిచిన టైరు లోకంలో ఏ బురదనైనా గెలుస్తుందని మా నమ్మకం. సండూరు కొండల్లో ఉన్నది ఇనుప ఖనిజం కలిసిన ఎర్రమట్టి. రేగడి మనుషులకు ఎర్రమట్టి బురద కిందికి రాదు, తడిసిన దుమ్ము, అంతే.

వెడల్పు టైరు మీద మా డి-గ్రూపు దాదాపీర్ ఎక్కాడు. మంచి కండబలం ఉన్నవాడు, పెళ్ళి కావలసినవాడు. కొంత దూరం పోయేసరికి రేగడి టైరుకు చుట్టుకుని, ఫోర్కులో నిండి, చక్రం తిరగడం మానేసింది. దాదాపీర్ దిగి చేతులు వదిలేశాడు. సైకిలు స్టాండు లేకుండా నిలబడింది. గాలి వీచింది, అయినా పడలేదు. “సాబ్, దీనికి పూజ చేసి ఈడనే గుడి కట్టిద్దామా?” అన్నాడు వాడు. డాక్టరమ్మ నవ్వి, తేలడం సంగతి ఇక ఎత్తలేదు.

సన్నటిది ముందుకు పోయింది గాని గట్టు ఎక్కేచోట పొట్టి బుడిపెలు పట్టు దొరక్క గిర్రున తిరిగాయి. మూడోదే మేలనిపించింది. లావు బుడిపెలు గట్టును కరుచుకున్నాయి, సందుల్లో చేరిన రేగడిని ముద్దలు ముద్దలుగా విసిరేశాయి. దాదాపీర్ గట్టెక్కి దిగి మళ్ళీ ఎక్కాడు. ముగ్గురం చూశాం, ముగ్గురం ఒప్పుకున్నాం. పట్టు ఉంది, మట్టి విదిలిస్తుంది. మాకు కావలసింది ఇంకేముంది అనుకున్నాం.

టీకా రోజు పొద్దున్నే కొండల మీద మంచు దిగి ఉంది. జీపు ఆగినచోట సైకిళ్ళు దించి బయలుదేరాం. మంచు పెట్టె దాదాపీర్ సైకిలుకు కట్టాం. పెట్టె ముందు చేరి నీడలో ఉండాలని డాక్టరమ్మ చెప్పారు కాబట్టి వాడు ముందు. మధ్యలో ఆవిడ. కాళ్ళు కడిగే తొట్టి, చాకలి సోడా నా సైకిలు మీద. గాలికుంటు క్రిమికి చాకలి సోడా కలిపిన నీళ్ళు మంచి విరుగుడు. ఊరి మొదట్లో తొట్టి పెట్టి, బూట్లు అందులో ముంచి గాని లోపల అడుగు పెట్టకూడదు. ఇది మా వృత్తిలో మడి లాంటిది.

దారి కింది హట్టి కొట్టాల పక్కనుంచే పోతుంది, వేరే దారి లేదు. పశువుల నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా వేలాడుతూ కనిపించింది. మేము ఆగలేదు, దిగలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. కొట్టాల ముందరి బురదలోంచి సర్రున దాటేశాం. టైర్లు ఎక్కడా జారలేదు. వెనక్కి తిరిగి డాక్టరమ్మ, “శెట్టిగారూ, మీ ఎంపిక భలేగా ఉందండీ” అన్నారు. నేను మీసం దువ్వుకున్నాను. ఎర్రటి చక్రాలు, ఎర్రటి దారి. ముద్దగా ఏమీ అంటలేదు గనక టైర్లు శుభ్రంగా ఉన్నట్టే లెక్క వేసుకున్నాం.

పై హట్టి మొదట్లో తొట్టి దించి సోడా కలిపాను. ఇద్దరం బూట్లు ముంచాం. దాదాపీర్ బూట్లు అక్కడే ఒక రాతి మీద వరసగా పెట్టి ఉన్నాయి. తొట్టి నా దగ్గరుంది కాబట్టి, వాడు జాగ్రత్తగా బూట్లు విప్పి, వట్టి కాళ్ళతో లోపలికి పోయాడు. సైకిలును మాత్రం నడిపించుకుంటూ పోయాడు, పెట్టె దానికే కట్టి ఉంది కదా.

మొదటి ఇల్లు హనుమక్కది. నడివయసు ఆడమనిషి, మొగుడు లేడు, ఇంట్లో తెలుగు, బయట కన్నడం. ఆమెకున్నది ఒక జత ఎద్దులు. ట్రాక్టరు ఎక్కలేని కొండవాలు చెక్కల్లో విత్తనం వేయాలంటే చుట్టుపక్కల అందరికీ ఆ జతే దిక్కు, ఆమెకూ ఆ జతే కూడు. కార్తీకం విత్తనాల అదను. ఆ వారమంతా ఎవరెవరి చేలోకి ఎప్పుడు పోవాలో ఆమె మాట ఇచ్చేసి ఉంది.

నేను సైకిలును తొట్టి దాటించి ఊళ్ళోకి తీసుకుపోబోతుంటే డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆవిడ చూపు నా ముందు టైరు మీద ఉంది. లావు బుడిపెల సందుల్లో ఎర్రమట్టి పలచగా, రంగు వేసినట్టు, గట్టిగా కూర్చుని ఉంది. అందులో నమిలి వదిలిన జొన్నసొప్ప పీచు ఒకటి అతుక్కుని ఉంది. రేగడి బరువుకు ముద్దగా రాలిపోతుంది. ఖనిజపు మట్టి మైదా లాంటిది, సందుల్లో దిగి కూర్చుంటే విదిలించినా పోదు. మా ముగ్గురిలో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

తర్వాత ఆవిడ తల ఎత్తి హనుమక్క కొట్టం వైపు చూశారు. నేనూ చూశాను. దాదాపీర్ పెట్టెను నీడలో పెట్టాలని సైకిలును గాడికి ఆనించి, తాళ్ళు విప్పుతున్నాడు. దాపటెద్దు మెడ చాచి వెనక టైరును నాకుతోంది. పశువులకు మట్టిలోని ఉప్పదనం ఇష్టం.

“దాదాపీర్! సైకిలు తియ్యి!” అని నేను కేక వేశాను. వాడు అదిరిపడి సైకిలు లాగేశాడు. సంగతి వాడి బుర్రకు ఎక్కడానికి కొంత సేపు పట్టింది. ఎక్కాక వాడు జేబుగుడ్డ తీసి ఎద్దు మూతి తుడవసాగాడు.

హనుమక్క లోపలినుంచి వచ్చింది. “ఏందమ్మా, ఆడనే నిలబడితివి? రాండి, పశువులన్నీ కట్టేసి పెట్టినాము” అంది.

ఇంకొకరైతే ఏదో సర్దిచెప్పి సూదులు వేసి దిగిపోయేవాళ్ళు. డాక్టరమ్మ అలా చేయలేదు. దగ్గరికి పోయి, జరిగింది జరిగినట్టు చెప్పారు. కింది హట్టి బురద మా టైర్లలో వచ్చిందని, ఎద్దు దాన్ని నాకిందని, రోగం రావచ్చు రాకపోవచ్చని, పక్షం రోజులు గడిస్తే గాని తెలియదని.

హనుమక్క ఎద్దు వైపు చూసి, మా పెట్టె వైపు చూసింది. “అంటే మందూ మీరే తెస్తిరి, రోగమూ మీరే తెస్తిరా?”

డాక్టరమ్మ అవునన్నట్టు తలూపారు.

“ఇప్పుడు టీకా ఏస్తే రాదా?”

“టీకా పనిచేయడానికి రోజులు పడుతుందమ్మా. ఈలోపల రోగం ముందుకు రావచ్చు. మీ జతను వాకిలి దాటించకూడదు. దాటిస్తే ఊరంతా అంటుకుంటుంది.”

“విత్తనం పదును నీ పక్షానికి ఆగుతాదా తల్లీ? మడక కట్టేకి నేను మాట ఇచ్చిండా. పది ఇండ్లు కాచుకోని ఉండాయి.”

“మిమ్మల్ని బలవంతం చేయడానికి నా దగ్గర ఏ అధికారమూ లేదమ్మా. అడుగుతున్నాను” అన్నారు డాక్టరమ్మ.

హనుమక్క పోయి కొట్టం తలుపు మూసి, అడ్డకర్ర వేసింది. పక్కింటి వాళ్ళను కన్నడంలో కేకేసి, తన జత ఈ ఏడు రాదని, వేరే ఏర్పాటు చూసుకోమని చెప్పింది. అప్పుడు డాక్టరమ్మా నేనూ మిగతా ఊరికి టీకాలు వేశాం. ఒక్కో పశువుకు ఒక్కో సూది, మెడ కండలో. చివర హనుమక్క జతకు వేశాం. సైకిళ్ళు, దాదాపీర్‌దానితో సహా, ఊరి బయటనే పడి ఉన్నాయి.

దాదాపీర్ మాతో కిందికి దిగలేదు. ఆ కొట్టంలో తిరిగినవాడు వేరే పశువుల దగ్గరికి పోకూడదన్నది నియమం. వాడు దాన్ని ఇంకో విధంగా తీసుకున్నాడు. “మై ఇధరిచ్ రహతూఁ సాబ్. ఎద్దుకు ఏమన్నా అయితే నేను ఈడ ఉండాల. మా అమ్మకు మీరే చెప్పండి” అన్నాడు. హనుమక్క వాడికి వసారాలో చాప వేసింది. పెట్టిన మొదటి పూట రొట్టె మాత్రం విసురుగా పెట్టిందట.

వారం తిరగకముందే వాడు ఫోను చేశాడు. దాపటెద్దు నోట చొంగ. మేము నడిచే పోయాం. నాలుక మీద పొక్కులు పగిలి ఉన్నాయి, గిట్టల సందున పుండ్లు. పొటాషు నీళ్ళతో నోరు కడగడం, బోరిక్ పొడి తేనెలో కలిపి నాలుకకు పూయడం, గిట్టలకు మందు, గంజి పట్టించడం. ఈ రోగానికి ఇంతకు మించిన వైద్యం లేదు. రెండో ఎద్దుకు తక్కువగా వచ్చి పోయింది. ఆ వాకిలి దాటి ఊళ్ళో ఇంకే పశువుకూ రాలేదు. ఆ అడ్డకర్ర లేకపోతే ఏమయ్యేదో డాక్టరమ్మ తన నివేదికలో దాచకుండా రాసి పైకి పంపారు, టైర్ల సంగతి కూడా.

తర్వాత మళ్ళీ టైర్లు ఎంచాం. ఈసారి మోక పోలేదు. పాత మూడు రకాలనే చికిత్సాలయం వాకిట్లో పెట్టి, మిగిలింది తెల్లగా కనబడాలని సండూరు ఎర్రమట్టిలో చిక్కటి సున్నం కలిపి పూసి ఆరనిచ్చాం. సోడా నీళ్ళు, బ్రష్షు పెట్టి ఒకే చేతితో కడిగి, ఏ సందులో తెల్లగా మిగిలిందో చూశాం. లావు బుడిపెల టైరులో ప్రతి మూలా తెల్లగా మెరిసింది. వెడల్పుది అంతకన్నా ఘోరం. గట్టెక్కలేదని మేము పక్కన పడేసిన సన్నటిది, పొట్టి బుడిపెలది, ఒక్క తడవకే నల్లగా తేలింది. అదే ఎక్కించాం. అది జారుతుంది. బండల మీద దిగి తోసుకుపోవాలి. నేను మొదటి రోజే పొదల్లో పడి, మోచేతికి మంచు పెట్టెలోని ఐసే పెట్టుకున్నాను. దారిలో ఆలస్యమవుతుంది గనక పొద్దున ఇంకా ముందు బయలుదేరడం నేర్చుకున్నాం. కాళ్ళు ముంచే తొట్టి పక్కన చక్రాలు దొర్లించే పొడుగు తొట్టి ఒకటి చేరింది. చలికాలం పోయేదాకా ఆ కొండల్లో కాలుబాయి మళ్ళీ ఎక్కలేదు.

ఎండలు ముదిరాక ఒకసారి సైకిలు మీద పై హట్టికి పోయాను. దాపటెద్దు బతికింది, పుండ్లు మానాయి. కానీ నీడలో నిలబడి కూడా కుక్కలాగా రొప్పుతోంది. గాలికుంటు తగిలిన పశువుల్లో కొన్నింటికి ఇలా మిగిలిపోతుంది, వేడిని ఓర్చుకోలేవు. ఇక కాడి కట్టేది లేదు. హనుమక్క మిగిలిన ఒంటెద్దుకు వేరేవాళ్ళ ఎద్దును జత కలిపి నెట్టుకొస్తోంది, వచ్చిన కూలి ఇప్పుడు రెండు ఇండ్లకు. నేను ఎద్దు డొక్కలు తడిమి చూస్తుంటే ఆమె, “మీ టైరు కాదులేప్పా. గాలికి వస్తాది ఆ రోగం. గాలికి ఎవరు గేటు ఏస్తారు?” అంది. అది శాస్త్రానికి విరుద్ధమేమీ కాదు. ఆ క్రిమి గాలిలో కూడా పోతుంది.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇంతే. రోగం దగ్గర తిరిగేవాడికి బండి చక్రం కూడా బూటే. టైరు కొనేటప్పుడు అది ఎంత పట్టుకుంటుందో అందరూ చూస్తారు. మనం ఎంత వదులుతుందో చూడాలి. ఆగకుండా దాటిపోవడం అంటే తాకకుండా పోవడం కాదు. పరీక్ష పెడితే పని జరిగే మట్టిలో పెట్టాలి, మనకు పేరున్న మట్టిలో కాదు.

ఇక ఒట్టు సంగతి. కల్పించింది ఒక్కచోటే, అది మీరు అనుమానించే చోట కాదు. స్టాండు లేకుండా సైకిలు నిలబడ్డం నిజం, ఎద్దు టైరు నాకడం నిజం. హనుమక్క ‘మీ టైరు కాదులే’ అనలేదు. ఆ మాట నేను కట్టి ఆమె నోట్లో పెట్టాను. బళ్లారి అంగడి ముందు ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో, అన్నిసార్లూ ఆమె ఆ మాట అంటూనే వచ్చింది. జరిగింది ఇది. ఆమె ఊరి మొదటికే ఎదురొచ్చి నా సైకిలు దగ్గర వంగింది. ముందు టైరు బుడిపెల సందులో వేలు పెట్టి, చక్రం ఒక చుట్టు తిప్పి, వేలు ఎత్తి వెలుతురులో చూసుకుంది. మట్టి అంటలేదు. వేలు కొంగుకు తుడుచుకుని, “సైకిలు ఆడనే పెట్టి రాండి” అంది.